పంచాయతీ రేడియో, ఓబుళప్ప ఎద్దు

గది

మాది రేడియో స్టేషను కాదు. అయినా ఊళ్లో అందరూ స్టేషనే అనేవారు, మేమూ కాదనేవాళ్లం కాదు. కదిరికీ అనంతపురానికీ మధ్య ఉన్న ఒక చిన్న పట్నంలో, పంచాయతీ పార్కు మూలన రేకుల గది. అందులో ఒక పెద్ద రేడియో, ఒక ఆంప్లిఫయరు, ఒక మైకు, కరెంటు పోతే వాడుకోవడానికి ఒక కారు బ్యాటరీ. గదిలోంచి బయలుదేరిన వైరు స్తంభాల మీదుగా ఊరంతా తిరిగేది. పార్కులో ఒక లౌడుస్పీకరు గొట్టం, సంతలో ఒకటి, బస్టాండులో ఒకటి, హైస్కూలు మైదానంలో ఒకటి. అరవైల్లో మొదలుపెట్టి పదకొండేళ్లు నేను ఆ గదికి ఆపరేటర్ని. ఆ తరవాత వేరే ఊళ్లలో, పెద్ద గదుల్లో పనిచేసి రిటైరయ్యాను గాని, పని నేర్చుకున్నది మాత్రం ఆ రేకుల కిందే.

ఉదయం, సాయంత్రం వార్తలు. సాయంత్రం రైతుల కార్యక్రమం, కాసేపు పాటలు. ఆ తరవాత పావుగంట సేపు రేడియో కట్టేసి నేనే మైకు పట్టుకుని ఊరి సంగతులు చెప్పేవాణ్ణి. ఫలానావారి మేక తప్పిపోయింది, చెవి చీలిక చూసి గుర్తుపట్టండి. కంబదూరు బస్సు ఈరోజు రాదు. పశువుల డాక్టరు మంగళవారం వస్తారు. ఇవి కాక ఆటలు. చెడుగుడు పోటీలు, స్కూలు ఫుట్‌బాలు, పరస అనే పశువుల జాతరలో బండలాగుడు, అన్నిటికీ వ్యాఖ్యానం నాదే.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు నన్ను చూడగానే గొంతు గురించి అడుగుతారు. మిరియాల పాలు తాగాలా అంటారు. గొంతుదేముంది, పదిమందిలో నలుగురికి బాగానే ఉంటుంది. నాకు మొదటినుంచీ ఉన్న యావ వేరు. గొట్టం కింద నిలబడినవాళ్లు ఏం వింటున్నారు? ఢిల్లీ వార్తలు మొదలవగానే గదికి తాళం వేసి ఒక్కో సాయంత్రం ఒక్కో గొట్టం కిందికి పోయి నిలబడేవాణ్ణి. సంతలోవాళ్లు ధరలప్పుడు తక్కెడ ఆపేవారు, మంత్రుల ప్రసంగాలప్పుడు మళ్లీ తూచేవారు. బస్టాండులో చావు కబుర్లకు మాత్రమే మాటలు ఆగేవి. మైదానం దగ్గర కూర్చునే ముసలివాళ్లు వార్తలు చదివే ఆయనకు ఎదురు సమాధానాలు చెప్పేవారు. ఒకే వైరులో ఒకే మాట పోతున్నా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఎలా దిగుతుందో నాకు ఎంత చూసినా తనివి తీరేది కాదు.

నాతోపాటు జోజప్ప ఉండేవాడు. లైనుమాను. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆదివారం చర్చికి పోయి వచ్చి అదే తెల్లచొక్కాతో స్తంభం ఎక్కేవాడు, భార్య చేత తిట్లు తినేవాడు. తక్కువ మాట్లాడేవాడు గాని, మాట్లాడితే మొహమాటం ఉండేది కాదు.

చూడని ఆట

క్రికెట్ నేను అంతవరకు చూడలేదు. కాని టెస్టు మ్యాచ్ వ్యాఖ్యానం ఇంగ్లీషులో వస్తుంటే, వింటూ వింటూ దాన్ని తెలుగులో చెప్పమని పంచాయతీవాళ్లు అన్నారు. బస్టాండు నిండేది. బంతి ఎటు పోయిందో నాకూ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు. అందుకని ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇంగ్లీషులో చెప్పే ఆయన నాలుగు పరుగులంటే నేను "గడ్డి మీద పాములా జారుకుంటూ పోయింది" అనేవాణ్ణి. ఆయన అవుటంటే నేను "తల దించుకుని, బ్యాటు ఈడ్చుకుంటూ" అని కలిపేవాణ్ణి. జనం ఈలలు వేసేవారు.

ఒకసారి వాన వచ్చి ఆట ఆగింది. ఆ మాటే చెప్పాను. బస్టాండంతా ఒక్కసారి గొల్లుమంది. ఏం జరిగిందో అర్థం కాక గదిలోంచి పరుగెత్తాను. ఒక రైతు నన్ను నిలదీశాడు.

"ఏమప్పా, వాన పడితే ఆట నిలిపేస్తారా? ఈడ వాన పడితేనే కదా మేం ఎగిరేది!"

పక్కాయన ఇంకా ముందుకు పోయాడు. "ఎంత పదును పడిందో చెప్పినారా? గొర్రు కట్టేంత పడిందా?"

గొర్రంటే ఎద్దులకు కట్టి విత్తనం వేసే పనిముట్టు, పదునంటే దానికి చాలినంత తడి. ఆ ఊరివాళ్లు ఏ దేశంలో వాన పడినా అదే అడుగుతారు. నేను ఆలోచించకుండా "జానెడు పదును" అన్నాను. వాళ్లు నిట్టూర్చి, ఆ ఊరి అదృష్టాన్ని మెచ్చుకుంటూ వెళ్లారు. ఎంత పడిందో రేడియోలో ఎవరూ చెప్పలేదు. నేను కల్పించాను. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. చూడనిది చూసినట్టు చెప్పడం అలా నాకు అలవాటైంది. మెప్పు వస్తుంటే అలవాటు చెడ్డదని ఎవరికి తోస్తుంది?

పరస

ఎండాకాలంలో మా ఊళ్లో ఎద్దుల పరస జరిగేది. చివరిరోజు హైస్కూలు మైదానంలో బండలాగుడు. పెద్ద రైతుల జతలు అయిపోయాక చిన్న రైతుల జతలు. జనాన్ని ఆపే తాడుకు ఇవతల ఒక బండి మీద బల్ల వేసి, దానిమీద నన్నూ మైకునూ కూర్చోబెట్టేవారు.

ఆ ఏడు ఓబుళప్ప, నరసప్ప జత వచ్చింది. ఇద్దరిదీ కంబదూరు వైపు ఒకటే పల్లె. ఇద్దరికీ చెరొక ఎద్దే ఉండేది. ఒక ఎద్దుతో గొర్రు నడవదు. అందుకని ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిసి కాడి కడతారు, ఒకరోజు నీ చేను, ఒకరోజు నా చేను. దాన్ని పొత్తు అంటారు. మెట్టసేద్యంలో పొత్తు చిన్న విషయం కాదు. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, పడ్డాక పదును రెండుమూడు రోజులకంటే నిలవదు. ఆ మూడు రోజుల్లో జోడెద్దు లేనివాడి చేను ఆ ఏడాదికి బీడే.

వాళ్ల ఎద్దులు బండను సగం దూరం లాగాయి. అప్పుడు కుడివైపు ఎద్దు, అంటే ఓబుళప్పది, భుజం ఒకటికి రెండుసార్లు కిందికి దిగింది. జనం చల్లబడుతున్నారు. నాకేమో వాళ్లను మళ్లీ కదిలించాలని ఉంది.

"అయ్యో! ఓబుళప్ప ఎద్దు కుంటుతోంది! ముందుకాలు కుంటుతోంది! పాపం నరసప్ప ఎద్దు బండతోపాటు దాన్ని కూడా లాగాల్సి వస్తోంది!"

మైదానం ఘొల్లుమంది. సంతలో, బస్టాండులో కూడా నవ్వారని జోజప్ప తరవాత చెప్పాడు. నాకు సంతోషమైంది.

నాలుగో రోజు ఓబుళప్ప గదికి వచ్చాడు. నడివయసు మనిషి, మెడలో తువ్వాలు. గడప దాటి లోపలికి రాలేదు.

"నువ్వేనా రేడియో అప్పా?"

"అవును. ఏం కావాల?"

"నరసప్ప పొత్తు ఇడిసినాడు. కుంటెద్దుతో నాకు సేద్యమెందుకన్యాడు. ఊళ్లో ఇంకెవరూ కాడికి రారు. అందరికీ జతలు కుదిరిపోయిండాయి. ఇంగ నేనేం జేయాల్నో అదీ నీ గొట్టంలోనే చెప్పు."

నేను అడిగాను, "నరసప్ప పక్కనే ఉన్నాడు కదా, ఆయన కళ్లతో ఆయన చూడలేదా?"

"ఆ పొద్దు వాడు బండనే చూస్తాండె. వాళ్ల మామ సంతలో గొట్టం కింద ఇన్యాడు. ఇంటికి పోతానే అల్లుణ్ణి జూసి నవ్వినాడు. మరుసటి దినం నుంచి వానికి కుంటు కనపడబట్టె. చెప్పినాక కనపడదా యాడైనా?"

ఆ మాట దగ్గర నాకు భయమేసింది. రెండేళ్లు కాడి కట్టిన మనిషికి, రోజూ కుడితి పెట్టిన మనిషికి, నా గొంతు విన్నాక ఎద్దు కుంటుతూ కనపడింది. ఎందుకు? అప్పుడు నాకు తోచింది ఇదే. పై నుంచి, గొట్టంలోంచి వచ్చిన మాట ఎవరి నోటి మాటా కాదనిపిస్తుందేమో. మనిషి చెబితే "నువ్వు చూసినావా?" అని అడుగుతారు. గొట్టాన్ని ఎవరూ అడగరు.

జోజప్ప మాత్రం అడిగాడు. ఓబుళప్ప వెళ్లాక పటకారు పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"అప్పా, నిజం చెప్పు. ఎద్దు కాలు చూసినావా?"

ఆలోచించాను. బండి మీద బల్ల. దాని ముందు తాడు. తాడు వెంబడి నాలుగు వరుసల జనం. "భుజం చూసినా," అన్నాను. "కాళ్లు కనపడ్లేదు."

"మరి?"

ఆయన పటకారు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆఫీసరుగారి న్యాయం

మాపై ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు ఒకాయన ఉండేవారు. ఆయన గురించి చెడ్డగా చెప్పను. వైరు తెగితే అర్ధగంటలో డబ్బు మంజూరు చేసేవారు, వానలో గొడుగు పట్టుకొని స్తంభం కింద నిలబడేవారు. కాని తప్పు ఒప్పుకునే విషయంలో ఆయనది ఇనుపగుండె. నేను సాయంత్రం మైకులో సవరణ చెబుతానంటే కుర్చీలోంచి లేచారు.

"రేడియో తప్పు చెప్పిందని రేడియోనే చెబితే, రేపు మలేరియా మందు చల్లడానికి వస్తున్నాం, తలుపులు తీయండి అంటే ఎవడు నమ్ముతాడయ్యా? ఒక ఎద్దు కోసం ఊరి నమ్మకం పోగొడతావా?"

ఆయన మాటలో అర్థం లేకపోలేదు. పై అధికారుల్లో ఇలాంటి వాళ్లు మీకూ తగులుతారు. నమ్మకం అంటే తప్పు జరగకపోవడం అనుకుంటారు. ఆయన ఎదుట తల ఊపి వచ్చి, గదిలో కూర్చుని సవరణ రాసుకున్నాను. చదివి వినిపిస్తే జోజప్ప తల అడ్డంగా ఊపాడు.

నేను రాసింది ఇది: "ఆ రోజు నేను కూర్చున్న చోటికి కాళ్లు కనపడలేదు. చూడకుండా చెప్పాను. ఓబుళప్ప ఎద్దు అసలు కుంటలేదు, అది నిక్షేపంగానే ఉండింది."

"కడాకు రాసిన ముక్క తీసెయ్," అన్నాడు జోజప్ప.

"అదే కదన్నా ముఖ్యం?"

"అదీ నువ్వు చూడ్లేదు కదప్పా."

పెన్సిలుతో కొట్టేశాను. ఆ సాయంత్రం మేక కబురుకూ బస్సు కబురుకూ మధ్యలో మిగతా రెండు వాక్యాలూ చదివాను. మరునాడు ఆఫీసరుగారు నన్ను పిలిచి చీవాట్లు పెట్టారు, అది సరే. నన్ను కుంగదీసింది ఏమిటంటే దానివల్ల ఏ పనీ కాకపోవడం. నరసప్ప సంతకు వచ్చినప్పుడు అడిగితే తడుముకోకుండా చెప్పాడు.

"ఆ పొద్దు చెప్పింది నిజమా, మొన్న చెప్పింది నిజమా? రెండూ నీ నోరే కదప్పా."

నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. జ్యేష్ఠం దాటిపోతోంది. మబ్బులు వచ్చి పోతున్నాయి. ఓబుళప్ప చేను దున్ని సిద్ధంగా ఉంది, విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి పెట్టుకున్నాడు, కాడికి రెండో ఎద్దే లేదు.

నరసప్ప మైకు

ఉపాయం జోజప్పదే. "నువ్వు చెప్తే నమ్మడు. వాణ్ణే చెప్పమను."

ఆదివారం సంతరోజు. బండిని మైదానంలో అదే చోటికి తోయించాం, అదే బల్ల వేశాం. ఆఫీసులోంచి ఎవరైనా అడిగితే మైకు పరీక్ష అని చెప్పమన్నాడు జోజప్ప. ఎద్దును చూపిస్తున్నారని తెలిసి సంత జనం తాడు వెంబడి వచ్చి నిలబడ్డారు. ఓబుళప్ప ఎద్దును పగ్గం పట్టి అవతలి కొసన నిలబెట్టాడు. నరసప్పను బతిమాలి బల్ల ఎక్కించాను. మైకు ఆయన చేతికిచ్చాను.

"ఏం చెప్పాల?"

"ఏం కనపడితే అది. నేను కూర్చున్న చోటే నువ్వు కూర్చున్నావు. కుంటుతాంటే కుంటుతాండాదనే చెప్పు."

నరసప్ప గొంతు సవరించుకున్నాడు. ఆయన ఊపిరి నాలుగు చోట్లా వినబడింది.

"ఆఁ... ఓబుళప్ప వచ్చాండాడు. ఎద్దు వచ్చాండాది. మోపురం కనపడతాంది. వీపు కనపడతాంది. కాళ్లు... ఏయ్, జరగండప్పా రవ్వంత! కాళ్లు యాడ?"

జనం జరగలేదు. వాళ్లూ ఎద్దునే చూస్తున్నారు.

"ఏమప్పా ఇది! నాకు కాళ్లే కనపడ్లేదే!"

సంతలో నవ్వు మైదానం దాకా వినబడింది. నరసప్ప మాత్రం నవ్వలేదు. మైకును నా మీద పడేసినట్టు ఇచ్చి, బండి దిగి, జనాన్ని తోసుకుంటూ ఎద్దు దగ్గరికి పోయాడు. ఓబుళప్ప దాన్ని నడిపిస్తుంటే పక్కనే వంగి వంగి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. ఒక్కో కాలూ ఎత్తి గిట్టలు చూశాడు. నాకు లెక్కలేనంత సేపు అనిపించింది. తిరిగి వచ్చి మైకు లాక్కున్నాడు.

"ఇప్పుడు చూసినా. కుంటు లేదు. నాలుగూ సమంగా పెడతాంది." ఎద్దు ఉన్నవైపు తిరిగాడు. "ఓబుళప్పా, ఇంటాండావా? మామ మాట ఇని నిన్ను ఇడిసినా. పదును పడిన పొద్దు నా ఎద్దును తోలుకొస్తా. ముందు నీ చేనే ఏద్దాం. తర్వాతే నాది."

నాలుగు గొట్టాల్లో, సంత నిండా జనం ఉన్నప్పుడు అన్న మాట. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. ఓబుళప్ప పగ్గం వదిలేసి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. జోజప్ప స్తంభానికి ఆనుకుని బీడీ ముట్టించాడు. ఆ రోజు నాకు నేనే పదును పడ్డ చేనులా అనిపించానంటే నవ్వకండి.

మూడు వారాలకు వాన పడింది. నరసప్ప మాట నిలబెట్టుకున్నాడు.

ఓబుళప్ప చెప్పినది

వేరుశనగ పీకే రోజుల్లో ఓబుళప్ప మళ్లీ గదికి వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తువ్వాలు మూట విప్పి పచ్చికాయలు బల్ల మీద పోశాడు. పంట గొప్పగా లేకపోయినా తిండికీ విత్తనానికీ చాలునన్నాడు. జోజప్ప, నేను ఒలుచుకుని తింటున్నాం. ఉన్నట్టుండి ఆయన అన్నాడు.

"ఆ పొద్దు కుంటిన మాట నిజమేప్పా."

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఏమంటివి?"

"గిట్ట సందున రాయి ఇరుక్కునింది. బండ నిలబడినాక నేనే తీసినా. రెండు దినాలకు సరిపాయ."

"మరి నా దగ్గరికి వచ్చిన దినం ఈ మాట చెప్పలేదే? నేను అబద్ధం చెప్పినానని ఇన్ని దినాలూ..."

"నువ్వు అబద్ధం చెప్పినావని నేను అన్యానా? పొత్తు పాయ అన్యా." కాయ పగలగొట్టి గింజలు నోట్లో వేసుకున్నాడు. "ఆ మాపు ఇంటికి పోతా దావలో నరసప్పకు నేనే చెప్పాలనుకున్యా. రాయి ఇరుక్కునిందప్పా, తీసినా, రెండు దినాలు కాడి కట్టొద్దు అని. వాడు సరే అంటుండె. అంతలోకే నువ్వు ఊరంతటికీ చెప్పేస్తివి. ఊరు నవ్వినాక ఇంగ నేను అవునంటే యాడ నిలబడేది? నా ఎద్దు సంగతి నేను కదప్పా చెప్పాల్సింది?"

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. చూడకుండా చెప్పడమే నా తప్పనుకుని అన్ని నెలలు తిరిగాను. చూసి చెప్పినా అది తప్పే అయ్యుండేది. జోజప్ప ఆ చివరి ముక్క కొట్టించి ఉండకపోతే, ఆ తప్పును దిద్దుతూ ఇంకో తప్పు చెప్పేవాణ్ణి. జోజప్ప వైపు చూశాను. ఆయన ఒలుచుకుంటూ తన పని తాను చేసుకుంటున్నాడు.

"నరసప్పకు చెప్పినావా?" అని అడిగాను.

"విత్తనం ఏసిన పొద్దే చెప్పినా. తిట్టినాడు. మళ్లా గొర్రు పట్టుకున్యాడు."

అప్పటినుంచి సాయంత్రం పావుగంటకు కబురు తెచ్చిన ప్రతివాణ్ణీ ఒక మాట అడిగేవాణ్ణి. "దీన్ని నీ నోటితో ముందు ఎవరికైనా చెప్పాల్సింది ఉందా?" చాలామంది లేదనేవారు, చదివేసేవాణ్ణి. కొందరు మాత్రం తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఉండప్పా, ఇంట్లో ఒక మాట చెప్పి వస్తా" అని వెళ్లేవారు. వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ. పదకొండేళ్లలో నేను చదివిన కబుర్లు నాకిప్పుడు పెద్దగా గుర్తు లేవు. ఆ మడిచిన కాగితాలు పట్టుకుని వెనక్కి నడిచిన మనుషులు మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారు.